సీసాకో మాత్ర

షాపు పైగది,
సెలవు రోజు.

పిన్నికి,

బాగున్నావా అని అడగను. నువ్వు బాగానే ఉంటావు, చెవులు తప్ప నీకన్నీ గట్టివే. నేను మాత్రం బాగాలేను. కళ్ళజోడు తుడుచుకుని కూర్చో, ఇది పెద్ద ఉత్తరం.

నా జుట్టు రాలిపోతోంది. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు రావడం కాదు. తలస్నానం చేస్తే నీళ్ళు పోయే జాలీ మూసుకుపోతోంది. దిండు మీద, టీ కప్పులో, కస్టమర్ల మెడకు కట్టే గుడ్డ మీద, ఎక్కడ చూసినా నా వెంట్రుకలే. పదిమంది జుట్టు కత్తిరించి బతికేదాన్ని నేను. నిన్న ఒకావిడ కుర్చీలో కూర్చుని, అద్దంలో నా పాపిడి చూసి, "ఇవాళ వద్దులేండి, మళ్ళీ వస్తాను" అని లేచిపోయింది. నేరుగా ఎదురు షాపులోకి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచీ తలకు రుమాలు కట్టుకుని పనిచేస్తున్నాను.

ఎదురు షాపు ఎవరిదనుకున్నావు? కత్తెరమ్మది. పోయినసారి నువ్వు వచ్చినప్పుడు రెండో కుర్చీ దగ్గర మెడలో కత్తెర వేలాడేసుకుని, నీ చెవిలో గట్టిగా అరిచి మరీ జోకులు చెప్పిందే, ఆ మనిషే. ఇద్దరం కలిసి పెట్టిన షాపు. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది. పోతూ పోతూ కస్టమర్లను పట్టుకెళ్ళింది, రెండో కుర్చీని పట్టుకెళ్ళింది, చివరికి షాపు ఫోను నంబరు కూడా పట్టుకెళ్ళింది. అది తన పేరుమీద ఉందట! ఇప్పుడు మా షాపుకని ఎవరు ఫోన్ చేసినా ఎత్తేది అదే. నేను ఇంకో ఫోను పెట్టించుకోలేదు. పెట్టించుకుంటే ఆ నంబరు దానిదేనని ఒప్పుకున్నట్టే కదా.

అసలు సంగతి విను. వెళ్ళే ముందు, "నీ జుట్టు చిక్కులు పడుతోంది, నున్నగా చేస్తాను కూర్చో" అని ఏదో కొత్త క్రీము రాసి, వేడి పెట్టి లాగింది. ఆ తర్వాతే ఈ రాలడం. అందులో ఏం కలిపిందో ఏమో. దాన్ని వదిలిపెట్టను పిన్నీ. నువ్వు మందుల మనిషివి, చెప్పు. జుట్టు ఊడగొట్టే మందేదైనా ఉందా? నాకు కాదు.

నీ
గయ్యాళి

*

ఆసుపత్రి మందుల గది,
పని మధ్యలో.

గయ్యాళికి,

ఉన్నా చెప్పను.

ఫోను నంబరు సంగతి చదివి నాకూ ఒళ్ళు మండింది. మీ అమ్మ బతికుంటే ఈపాటికి ఆ షాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేది, ఎవరినీ లోపలికి పోనిచ్చేది కాదు. నేను అంత గట్టిదాన్ని కాను కానీ మీ అమ్మకు చెల్లెల్నే. ఆ పిల్ల నా చేతికి దొరికితే నాలుగు దులుపుతాను.

కానీ జుట్టు విషయం వేరు. రాలిన వెంట్రుక ఒకటి తీసి వెలుతురులో చూడు. మధ్యలో తెగిందా, మొదలంటా వచ్చిందా? చివర తెల్లగా చిన్న గింజలా ఉందా? క్రీములూ వేడీ చాలావరకు వెంట్రుకను మధ్యలో తెంపుతాయి. మొదలంటా గుత్తులుగా రాలుతోందంటే అది లోపలి సంగతి. ఇంకో మాట. అలా రాలే జుట్టు ఇవాళ్టి కబురు చెప్పదు, రెండు మూడు నెలల కిందటి కబురు చెబుతుంది. అప్పుడు నీకేమైంది? పెద్ద జబ్బా? ఆపరేషనా? సన్నబడాలని తిండి మానేశావా? నాకు చెప్పని విషయం ఏదో ఉంది. లేదని రాయకు, నమ్మను.

పిన్ని

*

షాపు పైగది.

పిన్నికి,

నీకు చెవులు వినపడకపోయినా అన్నీ తెలిసిపోతాయి. టైఫాయిడ్ వచ్చింది. ఆసుపత్రిలో పడుకోబెట్టారు. నీకు రాస్తే సంచీ సర్దుకుని వచ్చేస్తావు, ఆసుపత్రి తిండికి పేర్లు పెట్టి నర్సులతో గొడవపడతావు. అందుకే దాచాను.

అక్కడ నా మంచం పక్కన కూర్చున్నది ఎవరనుకున్నావు? కత్తెరమ్మే. తడిగుడ్డ పెట్టింది, చెంచాతో నీళ్ళు తాగించింది, "షాపు సంగతి నాకొదిలెయ్" అంది. నేనొదిలేశాను. సాయంత్రం నాకు దుప్పటి కప్పి, పొద్దున్నే పోయి నా కస్టమర్లకు ఎదురు షాపు అడ్రసు చెప్పేది. జ్వరంలో ఉన్న మనిషిని ముంచడానికి ఎంత గుండె ఉండాలి! అది నా దగ్గరికి రాకుండా ఉన్నా ఇంత మండేది కాదు.

వెంట్రుక చివర గింజ ఉంది. అంటే జుట్టు విషయంలో దాని తప్పేం లేదంటావు. నాకు అస్సలు నచ్చలేదు.

ఇంకొకటి చెప్పాలి, తిట్టకు. అది షాపులో జుట్టు మాత్రలు అమ్ముతోంది. "రాలే జుట్టుకు విటమిన్ల బలం" అని అద్దానికి పెద్ద బోర్డు. అమ్మే పద్ధతి చూడాలి నువ్వు. ఎవరైనా సీసా కొంటే, వాళ్ళ ముందే తన సీసాలోంచి ఒక మాత్ర తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, "నేనూ మీతోపాటే" అని జుట్టు ఒకసారి వెనక్కి విసురుతుంది. సీసాకో మాత్ర. ఆ నాటకానికి అందరూ పడిపోతున్నారు. నేనూ పడిపోయాను. పక్కనున్న టైలరమ్మ చేత తెప్పించుకుని, త్వరగా పని చేస్తాయని రెట్టింపు మింగుతున్నాను. దానికి తోడు చేప కాలేయం నూనె మాత్రలు కూడా. అయినా రాలుతూనే ఉంది. శత్రువు సరుకు కొని మింగినందుకు నాకు తగిన శాస్తే.

సీసా మీది కాగితం చింపి ఇందులో పెడుతున్నాను.

నీ గయ్యాళి

*

ఆసుపత్రి మందుల గది.

గయ్యాళికి,

చదవడం అయిన వెంటనే రెండు సీసాలూ పక్కన పెట్టేయ్. కాగితం చూశాను. ఇందులో విటమిన్ ఏ బోలెడంత ఉంది. నీ చేప నూనెలోనూ అదే ఉంది. అది ఒంట్లో పేరుకుపోతుంది, మోతాదు మించితే జుట్టు రాలుతుంది. ఇందులో సెలీనియం అనే ఖనిజం కూడా ఉంది, అది మించినా అంతే. ఏది ఆగాలని మింగుతున్నావో దాన్నే పెంచుకుంటున్నావు.

నా కిటికీ దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వచ్చి, "జుట్టుకు మంచి విటమిన్ ఇవ్వండి" అంటారు. అందరికీ చెప్పేది నీకూ చెబుతున్నాను. ఒంట్లో ఏదైనా తక్కువైతే, ఆ తక్కువైనది ఇస్తే మేలు. ఏదీ తక్కువ కాకపోతే ఏ మాత్రా జుట్టును తొందరపెట్టలేదు. జ్వరం తర్వాత రాలిన జుట్టు మామూలుగా కొన్ని నెలలకు దానంతటదే ఆగి, దానంతటదే వస్తుంది. నుదుటి దగ్గర అద్దంలో చూసుకో, పొట్టి వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనపడితే వస్తున్నట్టే.

డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకో. ముందుగా ఆ మాత్రలు మింగిన సంగతి చెప్పు. అందులో బయోటిన్ అనే విటమిన్ ఉంది, అది కొన్ని పరీక్షల లెక్కలు తారుమారు చేస్తుంది. ఎన్నాళ్ళు ఆగి చేయించుకోవాలో వాళ్ళే చెబుతారు.

పిన్ని

*

షాపు పైగది.

పిన్నికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. ఇనుము తక్కువుందని తేలింది, దానికి మాత్రం డాక్టరు మందు రాసింది. మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయట. నుదుటి దగ్గర చిన్న వెంట్రుకలు కూడా కనపడుతున్నాయి. ముట్టుకుంటే బ్రష్షులా ఉన్నాయి. వాటిని చూసి ఏడ్చాను.

ఇంకో మంచి కబురు. కోపం వదిలేశాను. కత్తెరమ్మతో పోటీ పడీ పడీ అలసిపోయాను. ఇప్పుడు నా దగ్గర మిగిలిన కస్టమర్లను నేనే ఎదురు షాపుకు పంపిస్తున్నాను, ఆ మాత్రల సీసా ఒకటి కొనుక్కోమని. దాని వ్యాపారం దానిది. ఎంత బాగా సాగితే అంత మంచిది. నా మనసు తేలికైపోయింది పిన్నీ.

నీ గయ్యాళి (ఇకనుంచి సాధువు)

*

ఆసుపత్రి మందుల గది.

సాధువుకు,

రిబ్బను ఊడలాగిందని పక్క బెంచీ పిల్లతో బడి అయిపోయేదాకా మాట్లాడనిదానివి నువ్వు. ఫోను నంబరు పట్టుకెళ్ళిన మనిషికి బేరాలు పంపుతున్నావా? పైగా మంచివి కావని నేను చెప్పిన మాత్రలు కొనమనా? పాపం ఆ కస్టమర్లు నీకేం చేశారు?

ఉత్తరం తిరగేసి మరగేసి చదివాను. నీ మంచితనం చూస్తే నాకు భయమేస్తోంది. ఏం చేస్తున్నావో ఉన్నదున్నట్టు రాయి.

పిన్ని

*

షాపు పైగది.

పిన్నికి,

సరే, విను. నీ దగ్గర దాచి ఏం లాభం? అసలు ఈ ఉపాయం నీ ఉత్తరంలోంచే వచ్చింది.

కస్టమర్లకు ఏమీ కాదు. సీసా కొని, మూత తీయకుండా తెచ్చి నాకిమ్మంటున్నాను. తెస్తే జుట్టు ఊరికే కత్తిరిస్తున్నాను. నా అలమరా నిండిపోయింది, సీసాలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. "ఎందుకమ్మా ఇవన్నీ?" అని టైలరమ్మ అడిగితే, "సేకరిస్తున్నా" అన్నాను. ఎందుకో నీకు అర్థమయ్యే ఉంటుంది. సీసాకో మాత్ర! నేను ఎంతమందిని పంపితే అది అన్ని మింగాలి. పొద్దున పంపుతున్నాను, మధ్యాహ్నం పంపుతున్నాను. మోతాదు మించితే రాలుతుందన్నావుగా. రాలనీ. దాని తల మీదే దాని వ్యాపారం, నా తల మీద నాది ఉన్నట్టు. నేను రుమాలు కట్టుకున్నాను, అదీ కట్టుకోవాలి. ఆ జుట్టు వెనక్కి విసరడం ఆగిపోవాలి. అప్పుడు నా కిటికీ తెర పూర్తిగా తీసి కూర్చుంటాను.

పని మొదలైనట్టే ఉంది. పొద్దున్నే వెనక సందులో కుళాయి దగ్గర వాంతులు చేసుకుంటోంది. స్ప్రే కొడితే ముక్కు మూసుకుని బయటికొస్తోంది. రోజంతా నిలబడి కత్తిరించే మనిషి ఇప్పుడు స్టూలు వేసుకుని కూర్చుంటోంది, లేచేటప్పుడు నడుం మీద చెయ్యి. వదులు గౌన్లు వేస్తోంది. మొహం పాలిపోయింది. ఒక్కటే నాకు మింగుడుపడటం లేదు. జుట్టు మాత్రం ఇంకా రాలడం లేదు, మునుపటికంటే ఒత్తుగా నిగనిగలాడుతోంది. ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది పిన్నీ?

నీ గయ్యాళి

*

మందుల గది. ఇది బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

ఒసే పిచ్చిదానా,

ఆ అమ్మాయి కడుపుతో ఉంది. నువ్వు రాసిన ప్రతి మాటా అదే చెబుతోంది, ఒత్తుగా ఉన్న జుట్టుతో సహా. విటమిన్ ఏ అంత మోతాదులో కడుపులో బిడ్డకు చెరుపు. నేను రాసింది నీకు హెచ్చరికగా. దాన్ని తీసుకెళ్ళి ఏం చేశావు!

నా చెవులతో కాదని నర్సును పక్కన పెట్టుకుని మీ పాత నంబరుకు ఫోన్ చేశాను. ఆ అమ్మాయే ఎత్తింది. నీ పిన్నినని చెప్పగానే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఇక నువ్వే వెళ్ళాలి. ఎవరున్నా సరే, ఏమన్నా సరే, ఇప్పుడే వీధి దాటు. తిట్టడం తర్వాత పెట్టుకుంటాను.

పిన్ని

*

షాపు పైగది.

పిన్నికి,

నీ ఉత్తరం చేతిలో పట్టుకునే వీధి దాటాను. కుర్చీలో ఒకావిడ జుట్టు సగం కత్తిరించి ఉంది, అలాగే వదిలేశాను.

షాపు నిండా జనం. అది ఒక టీచరమ్మకు సీసా అమ్మి, గ్లాసు చేత్తో పట్టుకుని తన మాత్ర తీస్తోంది.

"అది మింగకు" అన్నాను.

"ఏం, నీ బేరాలన్నీ ఇటొచ్చేశాయని కడుపు మండుతోందా?"

"కడుపుతో ఉన్నావు కదే. అందులో విటమిన్ ఏ ఎక్కువుంది. బిడ్డకు మంచిది కాదు."

దాని చెయ్యి ఠక్కున పొట్ట మీదికి వెళ్ళింది. ఇంకా ఎవరికీ చెప్పలేదనుకుంటా. మొహం ఎర్రబడింది. "అందుకేనా మీ చెవిటి పిన్ని ఫోన్ చేసింది? నా బిడ్డ పేరు చెప్పి నా వ్యాపారం ఆపాలని ఇద్దరూ కూర్చుని ఆలోచించారా?" అంది. తర్వాత అందరి వైపూ తిరిగి, "చూడండమ్మా, షాపు పడిపోతే మనుషులు ఎంతకు దిగజారతారో" అని మాత్ర నోట్లో వేసుకుంది. నా మీద కక్షతోనే వేసుకుంది పిన్నీ.

నేను రుమాలు విప్పేశాను. ఇన్ని నెలలూ ఎవరికీ చూపించని తల. పాపిడి వెడల్పుగా, పక్కన గడ్డిలా కొత్త వెంట్రుకలు. "నేనూ ఇవే మింగాను, చూడు" అన్నాను. ఒకావిడ అయ్యో అంది. అది మాత్రను బుగ్గన పెట్టుకుంది. "నీకు జ్వరంతో రాలింది. నీ మంచం పక్కనుంది నేనే, నాకు తెలీదా?" అంది. నీళ్ళ గ్లాసు పెదాల దాకా తెచ్చింది.

ఇక నాకు దారి కనపడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

"ఈ కొనేవాళ్ళలో సగంమంది నేను పంపినవాళ్ళే. సీసాలన్నీ నా అలమరాలో ఉన్నాయి, మూత కూడా తీయలేదు. ఒక్కో సీసాకు నువ్వొకటి మింగుతావని పంపాను. నీ జుట్టంతా ఊడిపోవాలని పంపాను. కడుపుతో ఉన్నావని తెలీదు."

టీచరమ్మ తల దించుకుంది. తనూ నేను పంపిన మనిషే.

కత్తెరమ్మ మాత్రను అరచేతిలోకి ఉమ్మేసింది. మంచి చెప్తే నమ్మని మనిషి, చెడు చేశానంటే క్షణంలో నమ్మింది. గ్లాసులో నీళ్ళు నా మొహాన కొట్టింది. నేను తుడుచుకోలేదు. "డాక్టరు దగ్గరికి పద" అంటే, "నీతోనా?" అని టీచరమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళింది.

సాయంత్రం టీచరమ్మ వచ్చి చెప్పింది. మాత్రలు ఆపించారట. అంతా బాగానే ఉండొచ్చు, కానీ స్కానింగులు చేసి చూస్తూ ఉండాలి అన్నారట. ఎదురు షాపు అద్దం మీద బోర్డు తీసేసింది. నేను అలమరా తెరవలేకపోతున్నాను.

నాకు దాని మీద కోపం పోలేదు పిన్నీ. వింతేమిటంటే అది అలాగే ఉంది. దాని పక్కనే భయం వచ్చి కూర్చుంది, అంతే.

నీ గయ్యాళి

*

ఆసుపత్రి మందుల గది.

గయ్యాళికి,

తిడదామని కాగితం తీశాను. టీచరమ్మ తెచ్చిన డాక్టరు కబురు చదివి మానేశాను. అంతమంది ముందు రుమాలు విప్పి, నోరు విప్పి నిలబడ్డావు. మీ అమ్మ కూడా ఆ పని చేయలేకపోయేది.

ఆ సీసాలు నాకు పంపెయ్. పాత మందులు పారేసే పద్ధతి మా దగ్గర ఉంది.

ఒక సంగతి చెబుతాను. ఇది హెచ్చరికగానే రాస్తున్నాను, గుర్తుపెట్టుకో. కాన్పైన మూడు నెలల ప్రాంతంలో చాలామందికి జుట్టు గుత్తులుగా రాలుతుంది. కడుపుతో ఉన్నప్పుడు రాలకుండా ఆగిందంతా అప్పుడు ఒకేసారి రాలుతుంది. ఆ అమ్మాయికీ రాలొచ్చు. ఎవరూ ఏమీ చేయక్కర్లేదు. నీకు వచ్చినట్టే తిరిగి వస్తుంది కూడా. నువ్వు కోరుకున్నది ఎలాగూ జరిగేదే. ఊరికే అంత పాపం నెత్తిన వేసుకోబోయావు.

బిడ్డ పుట్టాక రాయి. అంతవరకు నాకు నిద్ర పట్టదు.

పిన్ని

*

షాపు, కింద గది. రెండు బేరాల మధ్య ఖాళీలో కూర్చుని రాస్తున్నాను.

పిన్నికి,

కత్తెరమ్మకు ఆడపిల్ల పుట్టిందనీ, వేళ్ళూ ముక్కూ గుండే అన్నీ సరిగ్గా ఉన్నాయనీ రాశాను కదా. ఆ తర్వాత కబురు ఇది.

నిన్న మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు తను వచ్చింది. భుజం మీద పాప. తలకు రుమాలు, నేను కట్టుకున్నట్టే బిగించి, చెవుల మీదుగా. నేరుగా కుర్చీలో కూర్చుని రుమాలు విప్పింది. కణతల దగ్గర ఖాళీలు. కొన్ని వెంట్రుకలు రుమాలుతోపాటే వచ్చేశాయి, పాప పిడికిట్లో ఇంకొన్ని.

"ఇది నువ్వు చేసింది కాదని డాక్టరు చెప్పింది. కాన్పుకి రాలిందట. ఓపిక పట్టమంటున్నారు అందరూ" అంది. తర్వాత అద్దంలో నా కళ్ళలోకి చూసి అడిగింది. "నీకు రాలి వచ్చింది కదా. నాకూ తిరిగి వస్తుందా?"

నాకు జవాబు తెలుసు. నువ్వే రాశావు. తన నుదుటి దగ్గర అప్పుడే మొలుస్తున్న పొట్టి వెంట్రుకలు కూడా నాకు కనపడుతున్నాయి, తనకు కనపడటం లేదు. అయినా చెప్పలేదు. దువ్వెన తీశాను, పాపిడి అటు తీసి చూశాను, ఇటు తీసి చూశాను. కిటికీ దగ్గరికి వెళ్ళి తెర పూర్తిగా లాగాను. ఎదురు షాపులో తన కోసం కూర్చున్నవాళ్ళంతా, తను ఎవరి కుర్చీలో కూర్చుందో చూశారు. తీరిగ్గా వెనక్కి వచ్చి నిలబడ్డాను. తను అద్దంలో నా మొహం వెతుకుతోంది. జాలీ దగ్గర కూర్చుని నేను ఏడ్చిన రోజులన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. అవన్నీ తిరిగేదాకా ఆగాను.

అప్పుడు చెప్పాను. "వస్తుంది. రావడం మొదలైంది కూడా. ఏమీ మింగకు."

తను ముందు నమ్మలేదు. వేలు పట్టుకుని ఆ పొట్టి వెంట్రుకల మీద పెట్టాను. అప్పుడు ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "వెంటనే చెప్పొచ్చుగా?" అంది.

"నువ్వు ఫోను నంబరు పట్టుకెళ్ళావు" అన్నాను.

పాపను నా ఒళ్ళో పెట్టుకుంటే అది నా జుట్టు పట్టుకుని లాగింది. గట్టిగానే ఉంది, ఊడలేదు. తర్వాత పాపను తనకిచ్చి, తన జుట్టు ఖాళీలు కనపడకుండా పొట్టిగా, ఒద్దికగా కత్తిరించాను. ఈ ఏడాదంతా నేను చేసిన పనిలో అదే మంచి పని.

క్షమించావా అని అడగకు పిన్నీ. తెలీదు. వచ్చే వారం మళ్ళీ చివర్లు సరిచేయించుకోవడానికి వస్తానంది, రమ్మన్నాను. కానీ అద్దంలో తను నా మొహం చూస్తూ కూర్చున్న ఆ ఒక్క నిమిషం నాది. దాన్ని మాత్రం తిరిగి ఇవ్వను.

నీ
గయ్యాళి